పుఱ్ఱెకొక బుద్ధి, చేతికొక పని

"పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి" అని మన పెద్దలు చెప్పుదురు. ఇద్దరికి పొత్తు కుదరనప్పుడు మనము ఈ సామెతను విసుగుతో వాడుచుందుము. నిదానముగా ఆలోచించినచో ఇందులో గొప్ప సత్యము కలదు. చేతి వ్రేళ్ళు ఐదును ఒకే పొడవున లేనట్లే, మనుష్యుల మెదడులును ఒకే తీరున పనిచేయవు. ఈ సత్యమును ఒప్పుకొనుట సులభము. దానికి తగినట్లు ఇంటిని, బడిని, పనిచోటును దిద్దుకొనుట కష్టము. ఆ కష్టమైన భాగమును గూర్చియే ఈ వార్షిక సంచికలో తల్లిదండ్రులతో ముచ్చటింపదలచితిమి.

ప్రతి సంవత్సరము పరీక్షాఫలితములు వెలువడిన దినమున, అందఱును వెళ్ళిపోవువరకు మా గది ముందు వేచియుండు తల్లిదండ్రులు కొందరు కలరు. వారికి మార్కులతో పని లేదు. వారి బిడ్డ తక్కిన పిల్లలవలె మాటలాడడు, లేదా ఎంత చెప్పినను చదువలేడు, లేదా ఒకచోట కుదురుగా కూర్చుండలేడు. వారు అడుగు ప్రశ్న ఒకటియే: "అయ్యా, మేమున్నంత కాలము చూచుకొందుము. మేము పోయిన తరువాత వీడు ఏ పని చేసి బ్రదుకును?" పెక్కు సంవత్సరములు ఈ ప్రశ్నకు మేము "దేవుడున్నాడు" అని బదులు చెప్పి పంపుచుంటిమి. ఆ బదులు తప్పు కాదు గాని అది చాలదు. దేవుడున్నాడని నమ్మువారు ఏమి చేయవలెనో కూడ చెప్పినప్పుడే అది పూర్తియగు బదులు.

ఈ విషయమున క్రైస్తవ విశ్వాసము చెప్పు మాటలను, ఆ విశ్వాసము గలవారు మన దక్షిణ దేశమున చేసి చూపిన పనులను ఇచ్చట పాఠముగా తీసికొంటిమి. మన సంఘమువారిలో పెక్కుమంది ఆ మతస్థులు కారు; మతప్రచారము మా ఉద్దేశమును కాదు. మంచి గింజ ఎవరి చేనిలో పండినను విత్తనమునకు అడిగి తెచ్చుకొనుట రైతు బుద్ధి. నల్లరేగడి దున్ని బ్రదికిన మన వెంబకోట్టై ప్రాంతపు కుటుంబములకు ఈ సంగతి మేము వేరుగా చెప్పనక్కరలేదు.

భిన్నత్వము అనగా ఏమి?

1943వ సంవత్సరమున అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఒక వ్యాసము ప్రకటించెను. ఆ పిల్లలు తమలో తాము ఉండుటకు ఇష్టపడుచుండిరి. చిన్న మార్పునకును తల్లడిల్లుచుండిరి. మాటను తక్కినవారివలె వాడుకొనకుండిరి. ఆ స్థితికి ఆటిజము అను పేరు స్థిరపడినది. తెలివికి కొదువ లేకున్నను అక్షరములను పట్టి చదువుట, వ్రాయుట కష్టమగు స్థితిని డిస్లెక్సియా అందురు. మనస్సు ఒకదానిపై నిలువక, కాలు చేయి ఊరకుండని స్థితి ఏ.డి.హెచ్.డి. అనబడును. బుద్ధివికాసమే నెమ్మదిగా జరుగు పిల్లలును కలరు. ఒకే బిడ్డయందు వీనిలో రెండు మూడు కలిసి ఉండుటయు కలదు.

1990వ దశకపు చివరి సంవత్సరములలో "న్యూరోడైవర్సిటీ" అను క్రొత్త మాట వాడుకలోనికి వచ్చెను. దానిని మనము నాడీవైవిధ్యము అనవచ్చును. మనుష్యుల మెదడుల తీరులో భేదములు ఉండుట లోకసహజమనియు, ప్రతి భేదమును రోగముగా ఎంచరాదనియు దాని భావము. ఈ మాట చెప్పువారు కష్టమే లేదని చెప్పుట లేదు. కష్టములో కొంత ఆ మనుష్యుని స్థితినుండి కలుగును. కొంత అతని చుట్టునున్న ఏర్పాట్లనుండి కలుగును. మొదటిదానిని మనము పూర్తిగా మార్చలేకపోవచ్చును. రెండవది మాత్రము మన చేతిలోనిదే.

ఇది ఎవరి తప్పును కాదు. పూర్వజన్మ పాపమనియు, గ్రహణ దోషమనియు మన ఊళ్ళలో చెప్పుదురు. తల్లికి ప్రేమ చాలనందున బిడ్డ ఇట్లయ్యెనని పాశ్చాత్య దేశముల వైద్యులే కొందరు ఒకప్పుడు వ్రాసిరి. ఆ మాట నిరాధారమని తరువాత తేలినది. అంతలో ఎందరు తల్లులు చేయని తప్పునకు కన్నీరు కార్చిరో లెక్కలేదు.

మన వంటి అల్పసంఖ్యాక భాషా కుటుంబములకు ఇచ్చట మరియొక చిక్కు కలదు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములో ఆంగ్లము. మూడు భాషలు, మూడు లిపులు. బిడ్డ చదువలేకపోయినచో "మూడు భాషలు కలగాపులగమైనవి, పెద్దవాడైనచో తానే సర్దుకొనును" అని తల్లిదండ్రులు ఊరకుందురు. ఉపాధ్యాయులమైన మేమును ఊరకుందుము. లేదా "తెలుగు మానిపించినచో మాటలు వచ్చును" అని ఎవరో సలహా చెప్పుదురు. రెండును పొరపాటులే. రెండు భాషలు వినుటవలన ఆటిజము రాదు, మాటయు ఆగిపోదు. తల్లి తనకు బాగుగా వచ్చిన భాషలో బిడ్డతో మాటలాడుటయే మేలు. మాతృభాష మానిపించిన ఇంటిలో బిడ్డ పోగొట్టుకొనునది అవ్వ కథలను, అమ్మ లాలనను. దానికి బదులు పొందునది ఏదియు లేదు. గమనింపవలసిన గుర్తు వేరు. బిడ్డకు చిక్కు ఒక భాషలోనే ఉన్నచో అది భాష చిక్కు కావచ్చును. తనకు చక్కగా మాటలాడవచ్చిన తెలుగులోను అక్షరము పట్టుబడనిచో, కాలయాపన చేయక వైద్యునికి చూపవలెను.

మేము చేసిన తప్పు

ఇరువది సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక బాలుడుండెను. అతని పేరు ఇచ్చట చెప్పము. పిలిచిన పలుకడు, మొగము చూడడు, మనము అడిగిన ప్రశ్ననే మరల మనకు అప్పగించును. కూర్చుండు చోటు మార్చినచో ఏడ్చును. గంట కొట్టగానే చెవులు మూసికొని తరగతినుండి పరుగెత్తును. మేము దానిని మొండితనమని తలచితిమి. బెత్తము కూడ వాడితిమి. ఈ వాక్యము వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది. వ్రాయకుండుట అంతకంటె సిగ్గు.

ఒకనాడు క్రొత్త పాఠ్యపుస్తకములు పంచుచుండగా ఆ బాలుడు లేచి వచ్చి, మా బల్లమీది కట్టనుండి ఒక పుస్తకము లాగి, నేలమీద పడవేసెను. మేము కోపపడి అతనిని వెలుపల నిలువబెట్టితిమి. సాయంకాలము ఆ పుస్తకమును తీసి చూడగా, అందులో పదునారు పుటల భాగము తలక్రిందులుగా కుట్టబడి ఉండెను. నలువది పుస్తకముల అంచులు చూచి ఆ ఒక్కదానిని అతడు పట్టెను. మేము ఆశ్చర్యపడితిమి గాని, ఆ ఆశ్చర్యమునుండి ఏమియు నేర్చుకొనలేదు. తొమ్మిదవ తరగతి మధ్యలో తండ్రి అతనిని బడి మానిపించెను. మన ప్రాంతమున బడిలో వెనుకబడిన బిడ్డయే అగ్గిపెట్టెల పనికి పోవు బండిని ముందుగా ఎక్కుట ఎన్నో ఏండ్లు చూచితిమి. ఇతనిని కూడ ఒకచోట పనికి పెట్టిరి. రెండు వారములలో "వీడు పనికిరాడు" అని పంపివేసిరి. తరువాత మూడు సంవత్సరములు అతడు ఇంటి అరుగుమీదనే కూర్చుండెను. అతని సంగతి మరల చెప్పుదుము.

గ్రంథము చెప్పునది

బైబిలు గ్రంథములో ఈ విషయమునకు సంబంధించిన నాలుగు తావులు మాకు కనబడినవి.

మొదటిది నిర్గమకాండము నాలుగవ అధ్యాయములోనిది. ఐగుప్తు రాజు ఎదుట నిలిచి మాటలాడుమని దేవుడు మోషేకు పని అప్పగించెను. తాను తడబడకుండ మాటలాడలేనని మోషే మొఱపెట్టుకొనెను. దేవుడు అతని నాలుకను మార్చలేదు. పనిని తిరిగి తీసికొననును లేదు. మాటనేర్పుగల అన్న అహరోనును తోడిచ్చెను. ఉద్యోగము మోషేదే, మాట మాత్రము అహరోనుది. మనిషికి ఒక కొఱత ఉన్నంత మాత్రమున అతని బాధ్యతను లాగివేయనక్కరలేదని, ఆ కొఱత ఉన్నచోట ఒక తోడు నిలిపిన చాలునని ఈ కథ నేర్పుచున్నది.

రెండవది మార్కు సువార్త పదవ అధ్యాయములో కలదు. యెరికో త్రోవప్రక్కన బర్తిమయి అను గ్రుడ్డి బిచ్చగాడు యేసును కేకవేసి పిలువగా, జనులు అతనిని ఊరకుండుమని గద్దించిరి. యేసు నిలిచి, అతనిని పిలిపించి, తానేమి చేయవలెనని కోరుచున్నావని అడిగెను. గ్రుడ్డివాడు ఏమి కోరునో ఎవరికి తెలియదు? అయినను అడిగెను. ఎదుటివాని అవసరమును మనమే నిశ్చయింపక, అతని నోటనే వినవలెనని దీని భావముగా మేము గ్రహించితిమి.

మూడవది మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుని ఉపమానము. అతడు ప్రొద్దుననే కొందరిని కూలికి పిలిచెను. మరల మరల సంతవీధికి పోయి మరికొందరిని పిలిచెను. ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట ముందు పోయినప్పుడును కొందరు అచ్చటనే నిలిచియుండిరి. వారు సోమరులు కారు. వారిని ఎవరును పిలువలేదు, అంతే. యజమానుడు వారికిని ఒక దినపు జీవనమునకు చాలిన కూలి ఇచ్చెను. ముందు వచ్చినవారు సణగిరి. ఈ ఉపమానమును పెద్దలు దేవుని కృపను గూర్చి చెప్పుదురు. అది నిజమే. కాని అది పనిచోటను గూర్చిన కథ కూడ. దినమంతయు నిలిచి ఎవరును పిలువక మిగిలిపోయినవారు మన ఊళ్ళలో ఎవరో ఆలోచింపుడు.

నాలుగవది పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో కలదు. సంఘమును అతడు శరీరముతో పోల్చి, బలహీనముగా కనబడు అవయవములే మిక్కిలి అవసరమైనవని వ్రాసెను. వానిమీద జాలిపడుడని అతడు చెప్పలేదు; అవి లేక శరీరము సాగదని చెప్పెను. జాలికిని అవసరమునకును ఉన్న భేదమే ఈ పాఠమంతటికి మూలము.

అయినను ఈ గ్రంథమును చదివినవారందఱును ఈ విధముగనే నడచిరని చెప్పజాలము. బిడ్డను దయ్యము పట్టినదని ప్రార్థనలకు త్రిప్పినవారును, ఒక పూట అన్నము పెట్టి అదియే చాలునని తలచినవారును ఆ మతములోను కలరు. మన మతములలోను కలరు. కావున నమ్మకమును చేతలలో చూపినవారి చరిత్రను చూడవలెను.

పాళయంకోట్టై, వెల్లూరు చూపిన దారి

మనకు దక్షిణమున నున్న పాళయంకోట్టైలో 1897వ సంవత్సరమున ఫ్లారెన్స్ స్వెయిన్సన్ అను మిషనరీ వనిత చెవిటి పిల్లలకు పాఠశాల స్థాపించెను. చెవిటి బిడ్డకు చదువేమి అని లోకము అడుగు కాలమది. ఆమె చదువుతోపాటు చేతిపనులను నేర్పించుటకు పూనుకొనెను. ఆ పాఠశాల ఆమె పేరిట నేటికిని నడచుచున్నది.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి మన తెలుగువారికి క్రొత్త కాదు. చిత్తూరు సీమనుండి రోగులు తరతరములుగా అచ్చటికి పోవుచున్నారు. 1900లో ఐడా స్కడ్డర్ అను వైద్యురాలు చిన్న వైద్యశాలగా ప్రారంభించిన సంస్థ అది. 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు అచ్చటికి వచ్చి, కుష్ఠువ్యాధిచేత ముడుచుకొనిపోయిన చేతులను శస్త్రచికిత్సతో చక్కచేయ మొదలిడెను. చేతులు బాగుపడినవి, కాని పని దొరకలేదు. ముడుచుకొన్న చేయి చూచి బిచ్చము వేసినవారు చక్కబడిన చేయి చూచి వేయరైరి. చికిత్సతో మాత్రమే తన పని ముగియలేదని ఆ వైద్యుడు గ్రహించి, నవజీవన కేంద్రమును నెలకొల్పి, వారికి వడ్రంగము మొదలగు పనులు నేర్పించెను. ఆ చేతులకు నొప్పి తెలియదు. కావున పనిముట్టు గ్రుచ్చుకొన్నను తెలియక గాయమగుచుండెను. అప్పుడు పనిముట్ల పిడులను ఆ చేతులకు తగినట్లు మార్చిరి. చేయి మారనిచోట పిడిని మార్చవలెను. ఇది నాడీవైవిధ్యమును గూర్చిన కథ కాకపోయినను, ఆ విషయమున మేము చెప్పదలచినదంతయు ఈ ఒక్క పనిలో ఉన్నది.

అదే ఆస్పత్రిలో మేరీ వర్గీస్ అను యువ వైద్యురాలు 1954లో జరిగిన మోటారు ప్రమాదమున నడుము క్రింది భాగము చలనము పోగొట్టుకొనెను. ఆమెను ఇంటికి పంపి ఉపకారవేతనము ఇచ్చి ఉండవచ్చును. పాల్ బ్రాండ్ ఆమెను చక్రముల కుర్చీలో కూర్చుండియే చేతుల శస్త్రచికిత్స చేయుటకు ప్రోత్సహించెను. తరువాత ఆమె విదేశమున శిక్షణ పొంది వచ్చి, పునరావాస వైద్యవిభాగమునకు అధిపతి అయ్యెను. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రము ప్రారంభమయ్యెను. లోకము పనికిరాదని తలచిన ఒక మనిషికి ఒక బల్ల ఎత్తు మార్చి పని ఇచ్చినందున ఎన్ని వేల మందికి మేలు కలిగెనో చూడుడు.

1950వ దశకముననే ఆ సంస్థవారు మానసిక చికిత్సాలయమును స్థాపించి, రోగితో కుటుంబమును కూడ ఉంచుకొను పద్ధతిని పాటించిరి. రోగిని ఇంటినుండి వేరుచేసి గోడల వెనుక ఉంచు ఆచారము ప్రబలియున్న కాలమున ఇది సాహసము. బుద్ధివికాసము నెమ్మదించిన పిల్లలకును, ఆటిజముగల పిల్లలకును అచ్చట "నంబిక్కై నిలయం" అను విభాగము కలదు. ఆ తమిళ నామమునకు నమ్మకపు నిలయమని అర్థము. అచ్చట తల్లిదండ్రులకే శిక్షణ ఇత్తురు. ఏలయన, బిడ్డతో బ్రదుకంతయు గడపువారు వారే.

చట్టము చెప్పునది

ఈ ధర్మమును నేడు దేశపు చట్టమును ఒప్పుకొన్నది. వికలాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చెను. 1995 నాటి పాత చట్టములో వైకల్యములు ఏడు. క్రొత్త చట్టములో 21. ఆటిజము, డిస్లెక్సియా మొదలగు చదువు చిక్కులు ఇందులో చేరినవి. నిర్ణీత ప్రమాణమునకు, అనగా నూటికి 40 వంతులకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వోద్యోగములలో అట్టివారికి నూటికి 4 వంతులు కేటాయించిరి. ఆ కేటాయింపులో ఆటిజము, బుద్ధివికాస లోపము, చదువు చిక్కులు గలవారికిని భాగము కలదు. వైకల్యము గల ఉద్యోగికి తగిన సర్దుబాటు చేయవలెనని చట్టము చెప్పుచున్నది. మోషేకు అహరోనును తోడిచ్చుట అట్టి సర్దుబాటే.

"మేము పోయిన తరువాత" అను ప్రశ్నకును చట్టము కొంత బదులు చెప్పుచున్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధివికాస లోపము, బహుళ వైకల్యములు గలవారికి 18 సంవత్సరములు నిండిన పిమ్మట న్యాయసమ్మతమైన సంరక్షకుని నియమించుకొనవచ్చును. జిల్లాస్థాయి సంఘము ఆ పని చేయును. "నిరామయ" అను పథకమున లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కలదు.

మరల ఆ బాలుని సంగతి

అరుగుమీద కూర్చున్న ఆ బాలుని తల్లి శివకాశిలోని ఒక ముద్రణాలయములో బైండింగు పనికి పోవుచుండెను. ఇంటిలో చూచుకొనువారు లేనందున ఒకనాడు అతనిని వెంట తీసికొని పోయెను. అతడు మూల కూర్చుండి, కత్తిరించి పారవేసిన కాగితపు ముక్కలను అంచులు కలిపి వరుసగా పేర్చుచుండెను. యజమానుడు చూచెను. ఆయన క్రైస్తవుడు, తన ఊరి ఆలయసంఘములో పెద్ద. ఆయన తల్లిని ఏమియు అడుగలేదు. బాలుని యొద్దకే వచ్చి, క్రింద కూర్చుండి, "నీకు ఏమి కావలెను?" అని తమిళమున అడిగెను. బాలుడు పలుకలేదు. మరునాడును అడిగెను. నాలుగవ నాడు బాలుడు తెలుగులో "శబ్దము వద్దు" అనెను. తల్లి దానిని తమిళమున చెప్పెను. మడత యంత్రపు మ్రోతకు అతని చెవులు ఓర్చుకొనలేవని అప్పుడు తెలిసెను. గోడకు ఆవల కాగితపు గిడ్డంగిలో అతనికి ఒక బల్ల వేసిరి. అంతకు మించి మొదట చేసినది ఏదియు లేదు.

శివకాశిలో అచ్చగు దినసరి క్యాలెండరులను మీరందఱును ఎరుగుదురు. దినమునకొక కాగితము. అందులో ఒక్క తేదీ తప్పినను, రెండు తేదీలు తారుమారైనను ఆ క్యాలెండరు చెత్త. ఆ వరుసలను సరిచూచు పని అతనికి ఇచ్చిరి. పాఠ్యపుస్తకముల కట్టలో తప్పును పట్టిన ఆ కన్నులు అచ్చట తమ పనిని కనుగొన్నవి.

తరువాత అంతయు సుఖముగా జరిగెనని చెప్పినచో అది కథ యగును. మొదటి సంవత్సరము యజమానుడు అతనికి సగము కూలియే ఇచ్చెను. "ఇంత ఏర్పాటు చేసితిమి, చాలదా" అని తలచెనట. ఒక ఆదివారము ఆలయమున ద్రాక్షతోట ఉపమానము చదువగా విని, తలవంచుకొని ఇంటికి వచ్చి, మరునాటినుండి పూర్తి కూలి ఇచ్చెనని ఆయనే మాతో చెప్పెను. తోటి పనివారు సణగిరి: "మాకు లేని ప్రత్యేకపు బల్ల వానికెందుకు?" యజమానుడు వారిలో ఒక వృద్ధుని కన్నద్దములను చూపి, "వీనిని తీసివేసి పని చేయగలవా? ఆ బల్ల వానికి కన్నద్దములు" అనెను. క్రొత్త సంవత్సరపు క్యాలెండరుల తొందరలో ఒకనాడు చెప్పకుండ అతని పనివేళ మార్చగా, అతడు తల్లడిల్లి పేర్చిన కట్టలన్నియు విసరివైచెను. ఆ దినము అతనిని పంపివేయుటకే నిశ్చయించిరి. కాని రాత్రి ఆలోచించి, తప్పు చెప్పకపోవుటలో ఉన్నదని గ్రహించిరి. నాటినుండి రేపటి పనిని ఈనాడే ఒక పలకమీద వ్రాసి, అతని బల్లయొద్ద వ్రేలాడదీయుచున్నారు. ఆ పలకవలన తక్కిన పనివారికిని మేలే కలిగెను. ఎవరి పని ఏదో అందఱికిని ముందే తెలియుచున్నది.

రెండు సంవత్సరముల క్రిందట అతని తల్లి మరణించెను. అతడు నాలుగు దినములు పనికి రాలేదు. అయిదవ నాడు తోటి పనివాడొకడు బస్సులో వచ్చి, అతనిని వెంటబెట్టుకొని పోయెను. నేటికిని వారిద్దరు ఒకే బస్సులో పోవుచున్నారు. అతడు అక్క ఇంటిలో ఉన్నాడు. కూలి అతని పేరిట బ్యాంకులో పడుచున్నది. "మేము పోయిన తరువాత" అని ఆ తల్లి అడిగిన ప్రశ్నకు బదులు ఒక బల్ల, ఒక పలక, ఒక తోడు, ఒక పూర్తి కూలి. అవి ఇచ్చినది మేము కాము. అదియే మా బాధ.

తల్లిదండ్రులు నేటినుండి చేయదగినవి

బిడ్డను దాచవలదు. పెండ్లి సంబంధములు చెడునని, చుట్టములు నవ్వుదురని దాచినచో పోవునది బిడ్డ కాలమే. వైద్యుని చూపి, ధ్రువపత్రము పొంది, వైకల్య గుర్తింపు కార్డునకు దరఖాస్తు పెట్టుడు. జిల్లా కార్యాలయపు బోర్డుమీద తమిళమున "మాట్రుత్తిఱనాళిగళ్" అని ఉండును. మారుగా మరియొక సామర్థ్యము గలవారని ఆ మాట భావము. ఆ మాటను చూచి సిగ్గుపడక లోనికి పొండు. డిస్లెక్సియా గల విద్యార్థులకు పబ్లిక్ పరీక్షలలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు మొదలగు సౌకర్యములు కలవు. కాని అడిగినవారికే అవి దొరకును.

బిడ్డ ఏమి చేయలేడో అందఱును చెప్పుదురు. ఏమి చేయుచు తన్ను తాను మఱచునో మీరు వ్రాసి ఉంచుడు. ఏ శబ్దము ఓర్వలేడో, ఏ వేళ అలసిపోవునో, మాట అర్థమగునో బొమ్మ అర్థమగునో, అదియు వ్రాయుడు. రేపు పని ఇచ్చువానికి ఆ కాగితము మార్కుల పట్టికకంటె ఎక్కువ ఉపయోగపడును.

ఇంటిలోనే పని అలవాటు చేయుడు. ఒక పనిని చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు నేర్పుడు. బస్సు ఎక్కుట, చిల్లర లెక్కించుట, "నాకు అర్థము కాలేదు" అని చెప్పుట, ఇవి కూడ పాఠములే.

పనిని ఎంచుటలో జాగ్రత్త వహింపుడు. 2021 ఫిబ్రవరి 12న మన పొరుగున అచ్చంకుళములో బాణసంచా ప్రేలుడులో ఇరువదిమందికి పైగా మరణించిన సంగతి మఱవరాదు. మందు కలుపుచోట ఎవరి చేయి తొట్రుపడినను అపాయమే. 18 సంవత్సరములు నిండనివారిని అట్టి పనికి పంపుట చట్టవిరుద్ధమును. ముద్రణ, బైండింగు, కాగితపు సంచులు, కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయి కట్టు పని, కుట్టుపని, తోటపని, కంప్యూటరు పని, ఇట్టివి ఎన్నియో కలవు. కాని ఆటిజము గలవారందఱును లెక్కలలో దిట్టలని, సూక్ష్మమైన తప్పులు పట్టుదురని తలపరాదు. ప్రతి బిడ్డను వేరుగా చూడవలెను.

కడపట ఒక మాట. కొందరు బిడ్డలు ఎన్ని ఏర్పాట్లు చేసినను కూలి సంపాదింపలేరు. వారి విలువ అందువలన తగ్గదు. ద్రాక్షతోట యజమానుడు గంటలు లెక్కించి మనుష్యుని విలువ కట్టలేదు. పని చేయగలవానికి పని లేకుండ చేయుట ఎంత తప్పో, చేయలేనివానిని భారమని పిలుచుట అంత తప్పు. ఏ మతమువారమైనను ఈ రెండు తప్పులనుండి తొలగవలెను.

మన సంఘములో అంగళ్ళు, మిల్లులు, ముద్రణాలయములు గలవారు ఉన్నారు. వారికి మా విన్నపము ఒకటి: మీ పనిచోట ఒక్క బల్ల వేయుడు. మా పాఠశాలలో గంటను తరగతులకు దూరముగా మార్చితిమి. ఇరువది సంవత్సరములు ఆలస్యమైనది, అయినను మార్చితిమి.

ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మన వీధిలో ఎవరును పనికి పిలువక మిగిలిపోయినవారు ఎవరు?
2. "నీకు ఏమి కావలెను?" అని మన బిడ్డను మనము ఎప్పుడైన అడిగితిమా? బదులు వచ్చువరకు ఎన్ని దినములు వేచితిమి?
3. మన ఇంటిలో, మన పనిచోట, ఎవరి చేతికొఱకు ఏ పిడిని మార్చవలసియున్నది?